అందరూ అని సంతకం పెట్టిన చీటీ

పోయిన ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఫోను తెరిచేసరికి మా గుంపులో వరసగా సందేశాలు వచ్చిపడి ఉన్నాయి. గుంపు అంటే, ఒకప్పుడు నెల్లూరు సముద్రతీరం వెంబడి ఏ ఊళ్ళో ఆ ఇద్దరి కచేరీ జరిగినా సైకిళ్ళ మీదా బస్సుల మీదా పడి వెళ్ళి విని వచ్చినవాళ్ళం, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులూ బీపీ మాత్రలూ చెప్పుకుంటూ మధ్యమధ్యలో ఆ పాటల్ని తలుచుకునేవాళ్ళం, ఓ నలభై మందిమి. ఆ పొద్దున మా బావ, అంటే మా అక్క భర్త, తన పాత మైకుసెట్టు పెట్టెలో దొరికిన ఒక క్యాసెట్టును ఎవరిచేతనో ఫోనులోకి ఎక్కించి అందులో పెట్టాడు. ఆ ఇద్దరూ కలిసి చేసిన చివరి కచేరీ అది. ముప్పై ఏళ్ళ పైమాటే. సగం చెరిగిపోయిన ఆ శబ్దంలో, ఒక పాట ముగిసి చప్పట్లు తగ్గాక, ఎవరో కాగితం విప్పిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడుతుంది. దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ఆ కాగితం నాది.

నా ఈడువాళ్ళలో కొందరికైనా ఆ ఇద్దరూ గుర్తుంటారనుకుంటాను. మేము వాళ్ళను పాటన్న, గిటారన్న అనేవాళ్ళం. పాటన్న సముద్రపు ఒడ్డు పల్లెవాడు. వల లాగేటప్పుడు పాడే పాటలు, మా కొడవలూరు వైపు ఆడవాళ్ళు నాట్లేస్తూ పాడే పాటలు ఎన్ని ఉండేవో ఆయన గొంతులో. గిటారన్న ఆయన కన్నా పదేళ్ళు చిన్న, బిట్రగుంట రైల్వే కాలనీలో ఇంజను డ్రైవరు కొడుకు, చర్చిలో గిటారు నేర్చినవాడు. పాటన్న కంజిర తట్టి పాట ఎత్తుకుని కొంతదూరం ఒక్కడే పోయేవాడు. తర్వాత గిటారన్న తన కరెంటు గిటారుతో ఎటునుంచో వచ్చేవాడు. కలవబోయే ముందు ఒక్క క్షణం రెండూ చెరో దారి పట్టిపోతున్నాయని అనిపించి మాకు ఊపిరి ఆడేది కాదు. అంతలో కలిసేవి. మేము అంతంత దూరం వెళ్ళింది ఆ ఒక్క క్షణం కోసమే.

వాళ్ళ కచేరీలో ఒక పద్ధతి ఉండేది. జనం తమకు కావలసిన పాట చీటీ మీద రాసి పంపితే, అది చేతులు మారుతూ వేదిక దాకా పోయేది. గిటారన్న అందుకుని పాటన్న చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పేవాడు. అప్పుడు పాటన్న మైకులో, ఫలానా పాట అడిగినారు, పాడతన్నా, ఇనుకోండి అనేవాడు. ఆ రెండు తలలూ దగ్గరికి చేరిన ప్రతిసారీ మాలో చర్చ మొదలయ్యేది. ఏం మాట్లాడుకున్నారు, పాటన్న మొహం ఎందుకు మారింది, గిటారన్న తీగలు సవరించుకోవడానికి అంతసేపు ఎందుకు పట్టింది, వచ్చేటప్పుడు ఒకే బస్సు దిగినవాళ్ళు పోయేటప్పుడు వేరే బస్సులు ఎందుకు ఎక్కారు. నిజం చెప్పాలంటే, కొన్నాళ్ళు పోయాక మాకు పాటల కంటే ఆ ఇద్దరికీ పడుతుందా లేదా అన్నదే ఎక్కువ రుచించేది.

అందులోనూ మేము రెండు జట్లయ్యాం. ఆ కచేరీలకు మైకుసెట్టు పెట్టే మా బావ పాట జట్టు. నేను గిటారు జట్టు. నేను అప్పుడే బడిపంతులు ఉద్యోగంలో చేరి, నెల్లూరులో గది తీసుకుని, ఇస్త్రీ చొక్కాలు అలవాటు చేసుకుంటున్న రోజులు. గిటారు వింటుంటే నేను ఎక్కడో పెద్ద పట్నంలో కూర్చున్నట్టు ఉండేది. పాట వింటే మాత్రం మళ్ళీ మా చేనిగట్టు మీదికి వచ్చిపడేవాణ్ణి. మా అమ్మ నాట్లు వేసేది, ఆ పాటలే పాడేది. ఊళ్ళో మా ఇంటికి తోటి పంతుళ్ళు వచ్చిన ఒక రోజు ఆమె పెరట్లో గిన్నెలు తోముతూ పాడుతుంటే, నేను లోపలికి వెళ్ళి కాసేపు ఆపమని చెప్పాను. ఆమె ఆపేసింది. ఇది ఎవరికీ చెప్పుకున్న సంగతి కాదు.

ఆ చివరి కచేరీ బిట్రగుంట రైల్వే కాలనీ మైదానంలో, ఆదివారం సాయంత్రం నాలుగింటికే మొదలైంది. డ్యూటీలకు వెళ్ళేవాళ్ళు కూడా వినాలని అక్కడ అలా ఎండ ఉండగానే పెట్టేవారు. నా పక్కన ఆ తోటి పంతుళ్ళే ఉన్నారు. అప్పటికి మూడు నాలుగు చీటీలు వేదిక చేరాయి, పాటలూ అయ్యాయి. తర్వాత పాటన్న, నాట్ల పాట అడిగినారు అని ప్రకటించి, మా అమ్మ పాడే పాటే ఎత్తుకున్నాడు. పంతుళ్ళలో ఒకడు నవ్వి, ఇది మా ఇంట్లో పనిమనిషి రోజూ పాడుతుందండీ అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, జేబులో కాగితం తీసి, నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాశాను: పాట విన్నది చాలు, ఇక గిటారు ఒక్కటే వినిపించండి. కింద పేరు రాయడానికి ధైర్యం చాలక, ఇట్లు అందరూ అని పెట్టాను.

చీటీ వేదిక చేరింది. గిటారన్న చూశాడు. ఎప్పటిలా చెవి దగ్గరికి వంగలేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పాటన్న చెయ్యి చాపాడు. గిటారన్న తల అడ్డంగా ఊపాడు. పాటన్న ఆ జేబులోంచి తనే తీసుకుని, వేదిక చివరిదాకా నడిచి కిందికి వంగాడు. ముందు వరస తలకాయలు అడ్డం వచ్చి అక్కడేం జరిగిందో నాకు కనబడలేదు. తిరిగి మైకు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందరూ పాట చాలంటన్నారు, మంచిదే, మా తమ్ముడు వాయిస్తాడు ఇనుకోండి అని, కంజిర కింద పెట్టి వేదిక అంచున కూర్చున్నాడు. గిటారన్న కాసేపు వాయించాడు. సగంలో వేళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒక వేదిక మీద కనబడలేదు.

వారం తిరగకుండానే టీ కొట్లలో కథ పుట్టింది. పాటన్నను తప్పించడానికి గిటారన్నే ఎవరిచేతనో ఆ చీటీ రాయించుకున్నాడట, జేబులో దాచినట్టు నటించాడట. నా ముందే చెప్పారు. నేను ఔనేమో అన్నట్టు తల ఊపి టీ తాగాను. నా జీవితంలో చేసిన పనుల్లో చీటీ రాయడం కంటే ఆ తల ఊపడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తర్వాత కూడా చెప్పడానికి ఎన్ని సందర్భాలు రాలేదు! పాటన్న పోయినప్పుడు ఆ పల్లెకు వెళ్ళాను, గిటారన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, పలకరించి వచ్చేశాను.

ఇప్పుడు మళ్ళీ గుంపులో అదే రగడ. రాయించుకున్నాడని ఒకరు, బతికున్న మనిషి మీద అభాండం వెయ్యొద్దని ఇంకొకరు. నేను నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపేశాను. అయితే ఆ క్యాసెట్టులో కాగితం చప్పుడు తర్వాత, మైకుకు దూరంగా, గొణుగుతున్నట్టు ఒక గొంతు ఆ చీటీని చదువుతుంది. అది గిటారన్న గొంతు కాదు, పాటన్నదీ కాదు. పదోసారి విన్నాక గుర్తుపట్టి, మధ్యాహ్నం బస్సుకే బావ ఇంటికి వెళ్ళాను.

బావ వరండాలో క్యాసెట్లు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"రావయ్యా అయ్యవారూ, ఇంకా రాలేదేందా అనుకుంటా ఉండా."

"ఆ చీటీ చదివింది నువ్వా బావా?"

"నేను గాక ఇంకెవురు? మైకుసెట్టు బల్ల కాడికొచ్చి చదవమన్యాడు. ఆయనకి చదవను రాదు గదా."

నాకు అర్థం కాలేదు. "ఎవరికి?"

"పాటన్నకి. అక్షరం ముక్క రాదు. చీటీలన్నీ గిటారన్నే చెవిలో చదివి చెప్పేది. అన్ని కచేరీలకి తిరిగినావు, చొక్కాలు చించుకున్నావు, ఆ మాత్రం కనిపెట్టలేదా? పిలకాయలకి చదువు చెప్పేటోడివి!"

ఏళ్ళ తరబడి మేము గుట్టుగా జరిగే గొడవ అనుకున్నది, ఒక మనిషి ఇంకో మనిషికి చదివి పెట్టడం. నేను తేరుకుని, ఆ చీటీ రాసింది నేనే బావా అన్నాను. బావ తల ఎత్తలేదు.

"మా పెండ్లి శుభలేఖలన్నిటి మీదా పేర్లు రాసింది నువ్వే గదా. నీ రాత నాకు తెలీదా?"

"తెలిసీ ఎందుకు చదివావు మరి?"

బావ ఇంకో క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నాడు. అక్క వంటింట్లోంచే అందుకుంది. "ఎందుకేంది? మీ ఇద్దురికీ అప్పుడు పడతా ఉండిందా? కూడు తినేటప్పుడు గూడా ఒకడు పాటంటాడు, ఒకడు గిటారంటాడు. ఆ ఇద్దురూ కొట్లాడుకున్యారో లేదో గానీ మీరిద్దురూ మాత్రం నా పానం తీసినారు."

బావ నవ్వాడు. నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు చదివినా. గిటారన్న మీద కోపం వస్తే పాటన్న ఒక్కడే పాడతాడని అనుకున్నానో ఏమో. అప్పుడే అనుకున్నానా, ఇప్పుడు అనుకుంటన్నానా, అదీ తెలీటం లేదు. ఇంకోటేదన్నా చదివి ఉండొచ్చు. నాకు తోచలా."

బావే గిటారన్నకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ముప్పై ఏళ్ళు దాచుకున్న మాట చెప్పడానికి అర నిమిషం పట్టింది. అవతల కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత దగ్గు, దగ్గు వెనక నవ్వు.

"అట్టాంటివి ఊరికి నాలుగు వచ్చేవి అయ్యవారూ. గిటారాపమని కొన్ని, పాటాపమని కొన్ని. ఆయన చెవిలో చదివేటప్పుడు నేను అన్నిట్నీ పాటలు చేసేసేవాణ్ణి. ఫలానా పాట అడుగుతన్నారన్నా అంటే చాలు, ఆయన మొగం ఇంత అయ్యేది. ఆ రోజు గూడా అప్పటికే మూడు వచ్చినాయి. మూడిటికీ మూడు పాటలు చెప్పినా. ఆ నాట్ల పాట గూడా అట్నే."

"మరి నా చీటీకి?"

"కింద అందరూ అని ఉండింది. మూడు వచ్చి ఉన్నాయి గదా, నిజంగానే అందరూ అడిగినారనుకున్నా. నోరు రాలా."

మీరు విడిపోయింది అందుకేనా అని అడగకుండా ఉండలేకపోయాను.

"ఏమో సామీ. ఇన్నాళ్ళూ లేనిది చదివినానని ఆయనకి తెలిసిపోయింది, అందుకేమో. మా నాయన పోయినాడు, నేను తడ వైపు పనికి పోయినా, అందుకేమో. ఆయన పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి వచ్చినాడు. తిన్యాడు, పిల్లల్ని ఎత్తుకున్యాడు. పాట మాత్రం ఎత్తలా. నేనూ అడగలా. అది కోపమని ఎట్టా చెప్పేది, కాదని ఎట్టా చెప్పేది?"

నేను క్షమించమన్నాను. దేనికి అన్నాడు. చీటీకి అన్నాను. టీ కొట్టు సంగతి కూడా చెప్పాను. దానికి మాత్రం ఆయన నవ్వలేదు. "ఆ మాట ఆయన చెవిన గూడా పడింది, నాకు తెలుసు. నమ్మినాడో లేదో తెలీదు" అని, బావను అడిగానని చెప్పమని ఫోను పెట్టేశాడు.

అక్కడే కూర్చుని, బావ చూస్తుండగా, గుంపులో రాశాను. ఆ చీటీ నేనే రాశాను, గిటారన్నకు ఏ సంబంధమూ లేదు, తెలిసీ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను అని. తిట్లు పడతాయని చూస్తూ ఉన్నాను. మొదట వచ్చిన జవాబు కావలి నుంచి, రిటైరైన పోస్టుమాస్టరు: అయ్యా, ఆ రోజు పాట ఆపమని రాసింది నేను కదా! ఇంకో పావుగంటకు ఇంకొకాయన, తనూ రాశానన్నాడు. ఆ తర్వాత పాట జట్టులోని మనిషే ఒకడు, గిటారు జట్టును వెక్కిరించడానికి తమాషాకు అలాంటిదే రాసి పంపానన్నాడు. ముగ్గురూ నాలాగే ఇన్నేళ్ళూ ఎవరికి వారు ఆ కచేరీని చెడగొట్టింది తామేనని అనుకుంటున్నారు.

భారం నలుగురికి పంచితే తగ్గాలి కదా, తగ్గలేదు. నేను అబద్ధంగా పెట్టిన సంతకం దాదాపు నిజమైందే అన్న దిగులు కొత్తగా వచ్చి చేరింది. మేము నిజంగా పాట వద్దనుకున్నామా? వద్దనుకుంటే అన్ని ఊళ్ళు ఎందుకు తిరిగాం? ఎంత ఆలోచించినా తెగడం లేదు.

ఇప్పుడు ఏ పాట విన్నా, దాని కింద మనకు తోచింది ఆ క్షణాన్నే రాసేయొచ్చు. పాడినవాడు ఆ క్షణాన్నే చదువుకోవచ్చు. మధ్యలో ఎవరూ ఉండరు. మా కాలంలో మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. మేము రాసిన పుల్లవిరుపు మాటను చూసి, ఒక్క క్షణం ఆలోచించి, చెవి దగ్గరికి వంగి దాన్ని ఒక పాటగా చదివేవాడు. మా అమ్మ పాట ఆ సాయంత్రం ఎవరూ అడగలేదని ఇప్పుడు నాకు తెలుసు. వద్దన్న చీటీలోంచి వచ్చిన పాట అది. క్యాసెట్టులో అది పూర్తిగా ఉంది. దాన్ని చివరిదాకా వింటాను గానీ, కాగితం చప్పుడు వచ్చేలోపు ఆపేస్తున్నాను.