ఖాదర్ సాబ్ బుర్జీ

పటేల్‌గూడలో మా ఇంటికి కొత్త తలుపు చేయిస్తున్నాను. చిత్రిక పట్టిన టేకు వాసన వసారా అంతా నిండేసరికి ఖాదర్ సాబ్ గుర్తుకొచ్చారు. డెబ్బైలలో మా ఫ్యాక్టరీలో పోతపనికి కొయ్య నమూనాలు చేసేవారు ఆయన. లక్డారం మనిషి. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చిన నాకు ఇక్కడ మొదట దగ్గరైంది ఆయనే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూశాక చదరంగం నేర్పేవారు. పుస్తకాల్లో లేని నియమం ఒకటి ఆయన దగ్గరుండేది: ఎదుటివాడికి రాజొక్కడే మిగిలితే ఆట ఆపేసి సమానమనుకోవాలి. దాన్ని బుర్జీ అనేవారు.

"గెలిచే ఆట ఎందుకాపాలి సాబ్?" అన్నానొకసారి.

"ఒంటిగాన్ని కొడితే ఏం బహదూరి బేటా? ఆన్ని ఇంటికి పోనియ్యి."

ఆయన రిటైరైన ఏడాది సంగారెడ్డిలో చదరంగం పోటీ పెట్టారు. చివరి ఆట మా ఇద్దరికే పడింది. అప్పటిదాకా ఆయన మీద నేనొక్కసారీ గెలవలేదు. గెలవాలన్న ఆశ ఆయన మీది ప్రేమకన్నా పెద్దదని ఆ రోజే తెలిసింది. మూడు గంటల తర్వాత ఆయన చివరి బంటును నా మంత్రితో కొట్టాను; ఇక ఆయనకు రాజొక్కడే. సాబ్ నవ్వి చెయ్యి చాచారు.

"బుర్జీ. బరాబర్."

నేను ఆ చెయ్యి అందుకోలేదు. "ఇక్కడ ఆ నియమం లేదు సాబ్, ఆడండి," అన్నాను. అందరి ముందూ ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత రాజును జరిపింది. ముగించాలన్న తొందరలో నాలుగెత్తుల తర్వాత మంత్రిని మరీ దగ్గరికి తోశాను. ఆయన రాజుకు షా, అంటే చెక్, లేదు, కదలడానికి గడీ లేదు; అలా చిక్కితే ఆట సమానమే. పోటీ నడిపే పెద్దమనిషి వంగి చూసి డ్రా అని రాసుకున్నాడు.

"నే జెప్తే ఇనలే, గళ్లు జెప్తే ఇన్నవ్," అన్నారు సాబ్. గొంతులో కోపం లేదు.

బస్సు దిగాక, చాయ్ తాగి పొమ్మని ఇంటికి తీసుకెళ్లారు. గుమ్మంలోనే భార్యతో, "బుర్జీ కాడ ఆపిండు, నా శిష్యుడు గదా," అన్నారు.

"మంచిగ నేర్సుకున్నవ్ బేటా," అంటూ ఆమె గ్లాసు అందించింది. కాదని చెప్పబోయాను. సాబ్ నాకు ఇంకో చెంచా చక్కెర వెయ్యమంటున్నారు. తలొంచుకుని తాగాను.

ఆయన పోయేదాకా ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను, ఆ మాట మాత్రం సరిదిద్దలేదు. తర్వాత కూడా ఆమె నన్ను వచ్చినవాళ్లందరికీ బుర్జీ కాడ ఆపిన పిలగాడనే చెప్పేది. ఆ పేరుకు తగ్గట్టుండాలని, ఇప్పుడు ఎవరితో ఆడినా రాజొక్కడే మిగిలితే నేనే ఆపేస్తాను. అయినా, ఆపాల్సిన రోజు ఆపలేదు.