మల్లన్న గొంతుకు సరిపడా రెండు వరుసలు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తరువాతి చలికాలం, నవంబరు మొదటి వారంలో, మస్కట్ శివారు అల్ హైల్‌లోని ఒక చిన్న సబ్‌టైటిల్ సంస్థ నన్ను మూడు నెలల ప్రొబేషన్ మీద తెలుగు అనువాదకురాలిగా తీసుకుంది. పాప పుట్టే ముందు ఆ ఉద్యోగం మానేశాను. తెర కింద అక్షరాలు రాయడం కూడా ఒక పనేనా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు కాబట్టి, నా మొదటి సినిమా సంగతి రాస్తున్నాను.

దగ్గర్లోని మబేలాలో లేబర్ క్యాంపు నడిపే ఒక నిర్మాణ కంపెనీ తమ కార్మికులకు నెలకో పాత హాలీవుడ్ సినిమా వేయాలనుకుంది. పాతవైతే హక్కుల తలనొప్పి తక్కువ, ఎవరితోనైనా కలిసి కూర్చుని చూడొచ్చు. క్యాంపులో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు గనుక అక్షరాలు తెలుగులో కావాలన్నారు. మొదటి ఆట నచ్చితే మిగతా సినిమాలు మాకే ఇస్తారు. నచ్చకపోతే మా సంస్థలో తెలుగు విభాగం ఉండదు. ఆ విభాగం అంటే నేనొక్కదాన్నే.

నాకిచ్చింది ఒక హాస్య నవల ఆధారంగా తీసిన నలుపు తెలుపు ప్రేమకథ. కాలిపోయిన వంటగదిని చూసి రిపోర్టు రాయడానికి వచ్చిన బీమా గుమాస్తాను, ఆ ఇంటి నాయనమ్మ తన మనవరాలిని చూడవచ్చిన పెళ్లికొడుకు అనుకుంటుంది. కాదని చెప్పడానికి ఇంట్లో ఎవరూ అతనికి సందివ్వరు. చెప్పే సందు దొరికే సమయానికి అతనికే చెప్పబుద్ధి కాదు. అందరూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు.

మా పనికి నియమాలున్నాయి. ఒకసారికి తెర మీద రెండు వరుసలే. ఏడు సెకన్లకు మించి ఏదీ నిలవకూడదు. మనిషి మాట మొదలుపెట్టినప్పుడు అక్షరాలు రావాలి, ఆపినప్పుడు పోవాలి. అనువాదకులు రాశాక టైమింగ్ వాళ్లు సర్దుతారు, ఆపైన క్వాలిటీ చూసే సీనియర్ సంతకం చేస్తాడు. మా సీనియర్ కేరళకు చెందిన జాకబ్ సార్. తెలుగు రాదు గానీ సెకనులో సగం తేడా వచ్చినా పట్టేస్తారు. నేను నవలలోని చమత్కారం ఒక్కటీ పోకుండా, ప్రతి వరుసా నిండుగా రాశాను. ఇంటికెళ్లాక కూడా ఎక్కడ తప్పు పోయిందోనని కామాలు లెక్కపెట్టుకునేదాన్ని. సార్ సంతకం చేశారు.

అసలు ఆటకు వారం ముందు, శుక్రవారం మధ్యాహ్నం, క్యాంపు మెస్ హాల్లో పరీక్షగా సినిమా వేశారు. పదిహేనుమంది వచ్చారు. మొదటి అక్షరాలు పడగానే ముందు బెంచీ మీది మనిషి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పేరు మల్లన్న, జగిత్యాల జిల్లా, మేస్త్రీ పని. సగం చదివేసరికి అక్షరాలు మాయం.

"అగ్గో, పాయె!" అన్నాడు.

"ఏం పాయెనే? ఏమన్నదా పిల్ల?" అని పక్కవాళ్లు.

"సగమే దొరికింది. మిగిలిన సగం ఆమెకే ఎరుక."

నవ్వులు మల్లన్న మీదే, సినిమా మీద కాదు. అరగంటకు ఒక్కొక్కరే చాయ్‌కి లేచారు. ఇంటర్వెల్‌కు ముగ్గురు మిగిలారు. జాకబ్ సార్ నావైపు చూసి హిందీలో ఒకే మాట అన్నారు, వారం ఉంది అని.

నేను వెళ్లి మల్లన్నతో, మనసులో చదువుకోవచ్చు కదా అన్నాను.

"మా రూముల పన్నెండు మందిమి మేడం. సదువచ్చినోళ్లం నలుగురం. ఊరికెల్లి మెసేజ్ వచ్చినా, కంపెనీ నోటీసు పెట్టినా, ఒకలు సదివితే అందరు ఇంటరు. నేనొక్కన్నే సదువుకొని నవ్వితే, వీళ్లు నా మొకం జూస్తరా?"

మా నియమాలన్నీ కంటితో చదివేవాడి కోసం కట్టినవి. గొంతుతో చదివితే అంతకంటే చాలాసేపు పడుతుంది. ఆ సంగతి మా నియమాల పుస్తకంలో లేదు, నాకూ తట్టలేదు.

మరునాడు మొత్తం తిరగరాస్తానంటే జాకబ్ సార్ ఒప్పుకోలేదు. సంతకమైన ఫైలును తిరిగి తెరవడం మా దగ్గర పెద్ద తప్పు. అందుకని అదే సినిమా ఇంగ్లీషు అక్షరాలతో పెట్టి, పైకి చదవండి సార్ అన్నాను. నాలుగో డైలాగుకు ఆయన ఊపిరి ఆడక నీళ్లడిగారు. గ్లాసు కిందపెట్టి ఫైలు తెరిచారు.

ఆ వారం ప్రతి వరుసా నేను పైకి చదివి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, పట్టనిది కోసేశాను. మూడింట రెండు వంతులు పోయింది. మెట్ల మీద గుమాస్తా నిజం ఒప్పుకుంటే, అమ్మాయికి అది ముందే తెలుసని బయటపడే ఘట్టానికి అయిదు నిండు వాక్యాలు రాసుకుని మురిసిపోయాను. చివరికి నాలుగు ముక్కలు మిగిలాయి. ఎప్పుడు తెలిసింది? మొదటి రోజే. చెప్పలేదేం? వెళ్లిపోతారని.

తరువాతి శుక్రవారం హాలు నిండింది. చుట్టుపక్కల ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లనూ పిలిచారు. మల్లన్న చదువుతున్నాడు, ఈసారి మాట తెగడం లేదు. నాయనమ్మ మాటలకే నవ్వు మొదలైంది. కథానాయిక కోప్పడే చోట మల్లన్న మగగొంతు వినలేక రెండో వరుసలోంచి ఒకావిడ లేచింది. కడప నుంచి వచ్చి అల్ హైల్‌లో ఒక ఇంట్లో వంట చేసే లక్షుమ్మ.

"ఏందన్నా, ఆడమనిషి మాట గూడా నువ్వే చెప్తాండావా? జరుగు, ఆ పిల్ల మాట నేను చెప్తా."

"రా అక్కా. తిట్లు నీయే, పడుడు నాదే!"

అక్కడినుంచి గుమాస్తాది జగిత్యాల, అమ్మాయిది కడప. 'దయచేసి వినండి' అని నేను రాసింది "జర ఇను తల్లీ" అయింది. నా మాటలు మారిపోతున్నాయని ఆపబోయాను. కానీ హాలంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. తెలుగు రాని జాకబ్ సార్ కూడా కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వుతున్నారు.

మెట్ల ఘట్టం వచ్చింది. మల్లన్న గొంతు తగ్గించి, "ఎప్పుడు ఎరుకైంది?" అన్నాడు.

"తొలిరోజే."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే పోతావని."

హాలంతా ఈలలు, చప్పట్లు. కార్మికుల బాగోగులు చూసే కంపెనీ వెల్ఫేర్ అధికారి అక్కడికక్కడే తరువాతి సినిమా ఎప్పుడిస్తారని అడిగారు. ప్రొబేషన్ పూర్తికాకముందే, నెలాఖరున నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తరువాత క్యాంపు సినిమాలకు రెండు ఫైళ్లు చేయడం మా ఆఫీసులో పద్ధతి అయింది, ఒకటి కంటికి, ఒకటి గొంతుకు.

నేను నేర్చుకున్నది చిన్న విషయం. అనువాదం ఎంత బాగుందన్నది రాసేవాళ్ల బల్ల దగ్గర తేలదు. అప్పటినుంచి ఏ పని వచ్చినా, ఎంతమంది చదువుతారు, ఎంతమంది వింటారు అని అడిగి, జవాబు వచ్చాకే మొదటి వరుస రాసేదాన్ని.