సగం పాట పంచిన ద్వాళి

మిర్యాలగూడలో ఫ్లెక్సీ అంటే నాగేష్, నాగేష్ అంటే ఫ్లెక్సీ. ఇది ఊరు చెప్పే మాట. ఊరు చెప్పకపోతే నేనే చెప్తాను, నాకేం మొహమాటం లేదు. పుట్టినరోజైనా పెద్దకర్మైనా మనిషిని ఇరవై అడుగులు చేసి కూడలిలో నిలబెట్టడం నా పని. అలాంటి నా నోరు మూయించింది బడి మొహం చూడని ఒక నాట్ల మేస్త్రి. ఆమె పేరు ద్వాళి.

ద్వాళిది పాలకీడు దగ్గర తండా. యాభై దాటాయి. నాట్ల కాలం వస్తే ముప్పై మంది ఆడవాళ్లను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని మోతె దాకా, కోదాడ చుట్టుపక్కల ఊళ్ల దాకా తిరుగుతుంది. ఏ కాలువకు నీళ్లెప్పుడొస్తాయో, ఎవరి మడి దమ్ముకొచ్చిందో ఆమెనే అడగాలి. రైతు "రేపు రండి" అంటే, "ఎల్లుండొస్తం, అప్పటిదాక నీ నారేం ముదరదు తియ్" అని అతని మొహం మీదే చెప్పగల మనిషి. వాళ్లాయన గేమ్యా మాట్లాడడు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆమె వాటాకే వచ్చాయి.

వీళ్ల కొడుకు వినోద్ నా దోస్తు. వాడిది బంగారం లాంటి గొంతు. మరో ముగ్గురితో కలిసి కాలువగట్టు బ్యాండ్ అని పెట్టాడు. తెలుగులోనూ పాడతారు, లంబాడీలోనూ పాడతారు. ప్రచారం బాధ్యత నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

పోయిన వానాకాలం వాళ్ల లంబాడీ పాటొకటి ఫోన్లో పెడితే రెండు లక్షల మంది చూశారు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. కోదాడలో ఫంక్షన్ హాలు నడిపే రామనర్సయ్య గారి ముందు ఆ ఫోన్ పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"ఫోన్లో జనం నాకెందుకయ్యా. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం సాయంత్రం హాలు ఊరికే ఇస్తాను. మూడొందల కుర్చీలు నిండితే ఈ ఏడాది నా హాల్లో పెళ్లిళ్లన్నిటికీ మీ బ్యాండే. నిండకపోతే మళ్లీ నా గడప తొక్కొద్దు."

"మూడొందలేంది సార్, బయట గూడ నిలబడతరు" అని ఛాతీ విరుచుకుని వచ్చాను.

వినోద్ మాత్రం నవ్వలేదు. "అన్నా, ఇదే ఆఖరు. గిది గిట్ల కాకపోతే సోమవారం నుంచి రైస్ మిల్లు లారీ నడుపుత. సేటుకు మాటిచ్చిన. ఇగ బ్యాండ్ ఖతం" అన్నాడు. ఇంట్లో వాడికి మూడు నెలల పాప ఉంది.

ఆ రోజు కూర్చుని పాట కింద కామెంట్లన్నీ చదివాను. నాందేడ్, బీజాపూర్, యవత్మాల్. ఏ రాష్ట్రం పోయినా తండా మాట తండా మాటే కదా, అక్కడి లంబాడీలంతా పాటను నెత్తిన పెట్టుకున్నారు. కోదాడ నుంచి ఒక్కడంటే ఒక్కడు లేడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేం రచ్చ గెలిచి ఇంటి సంగతే మరిచాం. పాట వినడానికి నాందేడ్ వాడు కోదాడకు బస్సెక్కుతాడా?

తండాకు పోయి తల వంచుకుని సంగతి చెప్పాను. కోదాడ నిండా ఫ్లెక్సీలు కడదామన్నాను. ద్వాళి అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"ఫ్లెక్సీ పాడుతదా నాగేసూ?"

"పాడదు పెద్దమ్మా."

"మరి దాన్ని సూసి పాటకెవలొస్తరు? జనం సంగతి నాకిడిసిపెట్టు. నువ్వు జర సప్పుడు చేయకుండుండు."

మర్నాడు ఆమె ట్రాలీ వెనకే బండి మీద మోతె పోయాను. ఒక మడిలో ఈమె గుంపు, గట్టు అవతల జానమ్మ అనే మరో మేస్త్రి గుంపు. నాట్లలో ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకుంటారు. ద్వాళి నడుం వంచి నారు గుచ్చుతూ ఎత్తుకుంది.

"సూర్యాపేట పోతనన్నడు, గాజులు తెస్తనన్నడు
కోదాడ దాక పోయిండంట, కొంగు నింపుతనన్నడు
మిర్యాలగూడల దిగిండంట, మూట కట్టిచ్చిండంట
ఏం తెచ్చిండే పిల్లా, మూటల ఏం తెచ్చిండే"

నాలుగోసారికి గట్టు అవతలి గుంపు కూడా అందుకుంది. అక్కడ ద్వాళి ఠక్కున ఆపేసింది.

"ఏం తెచ్చిండే మరి?" అని అరిచింది జానమ్మ.

"పై ఆదివారం కోదాడకు రా. మావోని బ్యాండ్ ఉంది, గాడ చెప్తం."

"గీడనే చెప్పరాదే?"

"గీడ చెప్తె గాడికెవలొస్తరు?"

ఓరి దేవుడా, ఈమె నా అంగట్లో కూర్చుంటే నేను అంగడి కట్టేసుకోవాల్సిందే అనుకున్నాను. రోజుకో ఊరు, రోజుకో పొలం, ప్రతిచోటా సగం పాట. గాజులే తెచ్చాడని కొందరు, సవతిని తెచ్చాడని కొందరు, మడుల్లో జగడాలు. వారం తిరిగేసరికి సూర్యాపేట బస్టాండులో జామకాయలమ్మే ఆమె పక్కనామెతో "సవతే, రాసిపెట్టుకో" అంటుంటే విని నా ఒళ్లు పులకరించింది.

మిగతా సగం నాకైనా చెప్పమని బతిమాలాను. "నీకు చెప్తె ఫోన్ల పెడ్తవ్. వినోద్‌కు చెప్తె వాడు నీకు చెప్తడు" అంది. అంతే, కొడుక్కీ చెప్పలేదు.

ఆదివారం ఐదున్నరకు హాల్లో పదకొండు మంది ఉన్నారు, అందులో ఎనిమిది మంది మావాళ్లే. రామనర్సయ్య గారు గోడ గడియారం కేసి, నా కేసి మార్చి మార్చి చూస్తున్నాడు. వినోద్ మొహం వాడిపోయింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆరు దాటాక బయట ఒక ట్రాలీ ఆగింది, దాని వెనక ఇంకొకటి. పొద్దంతా నాట్లేసి, కాలువలో కాళ్లు కడుక్కుని, తడి కొంగులతోనే వచ్చారు ఆడవాళ్లు. కుర్చీలు నిండాయి, నేల నిండింది, గుమ్మం నిండింది.

వినోద్ పాట ఎత్తుకున్నాడు. వాడి మైకు ఎవరికి కావాలి? హాలంతా పాడింది. "ఏం తెచ్చిండే" దగ్గర వాడు ఆగి, "మిగిలింది నాకు రాదు. మా యాడీకే వచ్చు" అన్నాడు. యాడీ అంటే వాళ్ల మాటలో అమ్మ. స్టేజీ ఎన్నడూ ఎక్కని ద్వాళి చెంగు దోపుకుని ఎక్కి, మైకు అవసరం లేకుండానే పాడింది.

"మూట ఇప్పి సూస్తె పిల్లా, వానికే అంగి లుంగి
గాజులు నేనే తెచ్చుకున్న, నా రెక్కల కష్టంతోని"

మూడో వరసలో కూర్చున్న గేమ్యా తువాలుతో మొహం కప్పుకున్నాడు. జానమ్మ లేచి గాజుల చెయ్యి పైకెత్తింది. ఆ వెనక హాల్లో ఉన్న ఆడవాళ్లందరి చేతులూ లేచాయి, ఎవరి గాజులు వాళ్లు ఆడించుకుంటూ పాడారు. అదే పాట ఆరుసార్లు పాడించారు. నేను ఏడ్చేశాను.

రామనర్సయ్య గారు స్టేజీ దగ్గరికొచ్చి, "ఏడాదంతా మీదే. మరి ఈమె కూడా వస్తారు కదా?" అన్నాడు.

"నాట్లు అయినంక వస్త" అంది ద్వాళి.

వినోద్ పక్కకు పోయి మిల్లు సేటుకు ఫోన్ కలిపాడు. అటు నుంచి హలో వినపడింది. ద్వాళి ఆ ఫోన్ లాక్కుంది.

"సేటూ, నీ లారీకి ఇంకొకల్లను సూసుకో. మావోడు పాట పాడుతడు."