రెండు గొంతుల పైడితల్లి

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడికి ఊపిరి ఒక్కటే నష్టం. ఆ చెవిటివాడే మర్నాడు పేపర్లో సమీక్ష రాస్తే ఏమవుతుందో సామెత కట్టినవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఆ చెవిటివాణ్ణి నేనే. నా కలం ధాటికి ఓ గొప్ప గాయని పరువు బజారున పడబోయింది, ఓ క్రేన్ ఆపరేటర్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అసలు ఘోరం ఇవి రెండూ కావు. వరసగా చెబుతాను, మధ్యలో నవ్వకండి.

అప్పట్లో నేను ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాని. నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వస్తే, నేను టౌన్‌షిప్ క్వార్టర్లో సినిమా పాటలు వింటూ పెరిగాను. పద్యనాటకం ఒక్కటీ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. అయినా ఓ దినపత్రిక జిల్లా పేజీల్లో నాటక సమీక్షలు నేనే రాసేవాణ్ణి. నా అర్హత ఏమిటంటారా? అంతకుముందు రాసే ఆయనకు బదిలీ అయింది, నా దస్తూరి బాగుంటుంది.

ఓ సాయంత్రం గాజువాకలో పౌరాణిక నాటకం. కృష్ణుడి వేషం పైడితల్లి గారిది. యాభై దాటిన మనిషి. పగలంతా కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి, సాయంత్రం కిరీటం పెట్టుకునే ఆవిడ. మొదటి అంకంలో ఆవిడ పాడుతుంటే నా పక్కనున్న పెద్దాయన చుట్ట వెలిగించడం కూడా మరిచిపోయాడు. అంకం అయ్యాక నేను టీకని లేచాను. టీ దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. మీరైనా ఏం చేస్తారు?

తిరిగొచ్చేసరికి స్టేజీ మీద కృష్ణుడు పాడుతున్నాడు. అదే నీలం రంగు, అదే కిరీటం, అదే నెమలి పింఛం. గొంతు మాత్రం హార్బర్లో ఓడ కూతలా ఉంది. నేను నిర్ఘాంతపోయాను. మనిషన్నాక ఇక్కడ అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. కళ అంటే ఇదీ అనుకుని, ఆ ఊపులోనే రాసిపారేశాను.

'మొదటి అంకంలో వెన్నలా కరిగిన గొంతు రెండో అంకంలో ఉక్కులా మోగింది. ఒక స్త్రీ కంఠం నుంచి అచ్చమైన మగ గొంతు పలకడం కనీవినీ ఎరగం. ఆ సన్నివేశంలో ఆవిడ భుజాలు సైతం వెడల్పయినట్టు తోచింది.'

పేపర్లో మా డెస్క్ ఇన్‌చార్జి గారు మెచ్చుకుని, 'రెండు గొంతుల పైడితల్లి' అని శీర్షిక పెట్టి మూడు కాలాల్లో వేశారు.

ఆ వెడల్పు భుజాలు మూడో రోజు మధ్యాహ్నం స్కూటర్ మీద మా స్టోర్స్ ఆఫీసు బయట దిగాయి. పేరు అప్పలరాజు, పోర్టులో క్రేన్ ఆపరేటర్. చేతిలో పేపరుంది.

"బావా, రెండో అంకంలో పాడింది నాను," అన్నాడు చాలా మర్యాదగా. "ఆయమ్మ అప్పటికే రంగు కడుక్కుని ఇంటికెల్లిపోనాది."

"మధ్యలో కృష్ణుడు మారతాడా అండీ?"

"అంకానికో కృష్ణుడు. ఊరందరికీ తెలుసు. మైకులో నా పేరు సెప్పినప్పుడు నీవెక్కడున్నావ్?"

"బజ్జీల దగ్గర," అన్నాను. పద్యనాటకాల్లో పెద్ద వేషాన్ని అంకానికొకరు పంచుకోవడం ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసట. తెలియని పెద్దమనిషి ఆ జిల్లాలో ఒక్కడే, సమీక్షకుడు.

డెస్క్ ఇన్‌చార్జి గారి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన చివాట్లు పెట్టి, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల కింద రెండు లైన్ల సవరణ వేశారు. మళ్లీ ఇలాంటిది జరక్కూడదని ఓ కాగితం మీద 'రెండో కృష్ణుడు: అప్పలరాజు' అని పెద్దక్షరాలతో రాసి తన బల్ల ముందు గోడకు అంటించుకున్నారు. ఆ కాగితాన్ని మరిచిపోకండి.

సవరణ ఎవరూ చదవలేదు. సమీక్ష అందరూ చదివారు. పద్మనాభం ఊళ్లో ఉత్సవాలు చేసే కమిటీవాళ్లయితే చదివి ఊరుకోకుండా, 'రెండు గొంతుల పైడితల్లి, ఇద్దరు కృష్ణులూ ఆవిడే' అని పోస్టర్లు వేసి ఊరూరా అంటించారు. పైడితల్లి గారు నాకు కబురు పంపారు. వెళ్లేసరికి మిషను ఆపి పోస్టరు నా ముందు పరిచారు.

"మగగొంతుతో ఎలా పాడాలో నీవే సెప్పు బాబూ. నీవే కదా ఇన్నావు."

కమిటీవాళ్లకు నిజం చెప్పమన్నాను. చెప్పారట. పేపర్లో పడింది అబద్ధమవుతుందా అమ్మా, మీది వినయం అని వాళ్లు దణ్ణం పెట్టి వెళ్లిపోయారట. అప్పుడావిడ గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. ఇరవై ఏళ్లుగా రెండో కృష్ణుడు ఇమ్మని అడుగుతున్నారు. కౌరవ సభను గడగడలాడించే పద్యాలన్నీ ఆ అంకంలోనే ఉన్నాయి. ఆడగొంతు సభకు ఆనదని ఒక్కరూ ఇవ్వలేదు.

"ఈ పోస్టరు పున్యమా అని ఆ అంకం ఇప్పుడొచ్చింది. పాడేత్తాను. జనం నవ్వితే మాత్రం మొదటి కృష్ణుడు కూడా పోతాది. నీవు ముందు వరసలో కూసో. టీకి లేవకు."

కూర్చున్నాను. పక్కన అప్పలరాజు వేరుశనక్కాయల పొట్లంతో కూర్చున్నాడు. రెండో అంకం మొదలైంది. ఆవిడ తన సొంత గొంతుతోనే ఎత్తుకున్నారు. మగగొంతేదీ అని వెనక నుంచి ఎవరో అరిచారు, కొందరు నవ్వారు. నా చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. ఆవిడ ఆగలేదు. పద్యం చివర రాగం తీశారు. తీశారు, తీశారు, హార్మోనియం ఆయన తల తిప్పి చూసేదాకా తీశారు. నవ్వినవాళ్లు నోళ్లు మూసుకున్నారు. రాగం దిగేసరికి పద్మనాభం మొత్తం వన్స్‌మోర్ అంది. ఆ ఒక్క పద్యం మూడుసార్లు పాడించారు. అప్పలరాజు పొట్లం కిందపడేసి మరీ చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

ఆ సమీక్ష నా జీవితంలో నేను నిజాయితీగా రాసిన మొదటిది. ఇరవై ఏళ్ల ఎదురుచూపు గురించి, ఆడగొంతు సభకు ఆనడం గురించి, మూడు వన్స్‌మోర్ల గురించి, చూసింది చూసినట్టు రాశాను. పొద్దున్నే పేపరు తెరిచాను.

'మొదటి కృష్ణుడిగా పైడితల్లి ఆకట్టుకున్నారు. రెండో కృష్ణుడిగా అప్పలరాజు మూడు వన్స్‌మోర్లతో సభను ఉర్రూతలూగించారు.'

డెస్క్‌కు పరుగెత్తాను. ఇన్‌చార్జి గారు గోడమీది కాగితం చూపించి, "మళ్లీ అదే తప్పు చేశావయ్యా. అదృష్టం బాగుండి నేను చూసి దిద్దాను," అన్నారు. ఇంకో సవరణ వేయమని కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. ఒకే నాటకం మీద రెండు సవరణలు వేస్తే పేపరు పరువేం కావాలన్నారు.

అప్పలరాజు మాత్రం ఫోన్ చేసి, ఆ రోజు నేను పాడితే ఆయమ్మకు పేరొచ్చింది, ఈ రోజు ఆయమ్మ పాడితే నాకొచ్చింది, చెల్లుకు చెల్లు బావా అన్నాడు. పైడితల్లి గారి దగ్గరకు వెళ్లి తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ సూదిలో దారం ఎక్కించి అప్పుడు తలెత్తారు.

"పాడనిదానికి పొగిడేవు. పాడినదానికి పేరు తీసీసేవు. మూడోసారి రాయకు బాబూ, నీకు దండం పెడతాను."

అందుకే సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ నాటకం మధ్యలోనూ బజ్జీలకు లేవను. బతికుండగా సమీక్ష అన్నది రాయను. ఇది సమీక్ష కాదు, వాంగ్మూలం. పద్మనాభంలో ఆ రోజు రెండో కృష్ణుడిగా పాడింది, మూడుసార్లు వన్స్‌మోర్ అనిపించుకుంది పైడితల్లి గారే. ఇది అచ్చు వేసేవాళ్లకు నాదొక్కటే మనవి, దయచేసి దిద్దకండి.