సండాసు తలుపుకు రిబ్బను

మేము కామాఠిపురాలో కుర్రాళ్ళుగా తిరిగిన ఆ ఎనభైల్లో, మాటకు అర్థం చెప్పగలవాడికి మా వరసగదుల చాల్ అంతా చేతులు జోడించేది. (జోడించేది కాదు, పనిలేనివాడని జాలిపడేది.) మా అంతస్తులో ఖాళీగా పడివున్న గదిలో తెలుగు పత్రికలు పెట్టి, చదువుకునే గదిగా చేశాం. ప్రారంభోత్సవాన్ని అక్కడి మరాఠీవాళ్ళలాగే మేమూ ఉద్ఘాటన అనేవాళ్ళం. నేను నిఘంటువు తిరగేసి, ఉద్ఘాటన అంటే మూసివున్నదాన్ని తెరవడమనీ, తలుపు తెరవందే ఆ మాటకు న్యాయం జరగదనీ, రిబ్బను దొరలు తెచ్చిన సోకనీ ప్రకటించాను. నా పట్టుదలకు కారణం భాషాభిమానమే. (కాదు. వర్లి నుంచి ముఖ్య అతిథిగా వస్తున్న పెద్దాయన వెంట ఆయన కూతురు కూడా వస్తోంది. ఆయన అల్లుడి కోసం వెతుకుతున్నాడని విన్నాను.)

గదికేమో తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. అందుకని నేనూ నా దోస్తూ మా అంతస్తుకంతటికీ మరుగుదొడ్డిగా ఉన్న ఒకే ఒక్క సండాసు తలుపు ఊడదీసి, కడిగి, పసుపు పూసి, గది గుమ్మానికి తీగలతో కట్టాం. అరగంటలో తిరిగి పెట్టేస్తామన్నాం. రిబ్బను కూడా కట్టాం, సోకు వదులుకోలేక.

పెద్దాయన రాలేదు. జనం మాత్రం వెయ్యిమంది చేరారు. (చాల్‌లోవాళ్ళే. సగంమంది చేతుల్లో నీళ్ళ డబ్బాలున్నాయి.) సందు దొరికిందని నేను 'ఉత్' అనే ఉపసర్గ దగ్గర్నుంచి ఉపన్యాసం మొదలుపెట్టాను. ముందు వరసలో డబ్బాతో నిలబడ్డ మా మేనమామ ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు:

"అల్లుడా, నీ ఉద్ఘాటన జల్ది కానియ్యి. లేకుంటే నాది ఈడ్నే అయితది."

నేను 'ఘాటన' దగ్గరికి వచ్చేలోగా ఆయన రిబ్బను తెంపాడు, తలుపు తెరిచాడు, తీగలు విప్పి ఆ తలుపును భుజానేసుకుని వెళ్ళిపోయాడు. జనం నిజంగానే చప్పట్లు కొట్టారు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన పెద్దాయన, బోసిగా ఉన్న గుమ్మాన్నీ వేలాడుతున్న రిబ్బను ముక్కల్నీ చూసి, అయిపోయిందా అని అడిగాడు. మా అవ్వ జవాబు చెప్పింది.

"అయింది సాబ్. మీకంటె అర్జెంటున్నాయన చేసిండు."

పెద్దాయన మొహం ముడుచుకున్నాడు. ఆయన కూతురు మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని, గోడకానుకుని మరీ నవ్వింది. తర్వాత ఆయన అల్లుణ్నయ్యానని రాయాలని చెయ్యి లాగుతోంది గానీ, కాలేదు. ఇప్పటికీ ఎక్కడ రిబ్బను కట్టి కనిపించినా నాకు ఆ నవ్వు వినిపిస్తుంది.

(వినిపించదు. చెవులు మందగించాయి. కనిపిస్తుంది.)