మడమ లేని అడుగులు

దయ్యాన్ని చూశామని వచ్చే పిల్లల్ని నేను మూడు ప్రశ్నలు అడిగేదాన్ని. ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, పక్కన ఎవరున్నారు? జగిత్యాలలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. మూడింటికీ సరైన జవాబిచ్చిన పిల్లవాడు ఒక్కడూ లేడు. నేనూ ఏనాడూ నమ్మలేదు.

కాబట్టి నా జవాబులు ముందే ఇస్తున్నాను. మంగళవారం, పగలు పన్నెండూ పది. నాలుగడుగుల దూరం. పక్కన ఇద్దరున్నారు.

మా ఇంటిపేరు ఫుల్లర్. కొడిమ్యాల దగ్గర కూలి చేసుకునే మా తాతకు బాప్తిస్మం రోజున పాదిరి పెట్టిన పేరు. చందాలు పంపే దొరల పేర్లు పాదిరి దగ్గర ఒక జాబితాలో ఉండేవట. వచ్చినవాళ్లకు వరుసగా ఒక్కో పేరు ఇచ్చేవాడు. మా తాత వంతుకు ఇది వచ్చింది.

రిటైరయ్యాక ఆ పేరు ఎక్కడ కనిపించినా నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇంతవరకు నలభై ఒక్క చోట్ల దొరికింది. కొత్త రాతల్లో ఫుల్లర్లు మతబోధకులు, చరిత్ర రాసినవాళ్లు, ఓడలెక్కి కొత్త దేశాలకు పోయినవాళ్లు. వెనక్కి పోయినకొద్దీ అది మనిషి పేరుగా కాక పని పేరుగా కనిపిస్తుంది. నేసిన ఉన్నిబట్టను తొట్టిలో నానబెట్టి, కాళ్లతో తొక్కి చిక్కబరిచే కూలివాణ్ణి ఇంగ్లండులో ఫుల్లర్ అనేవారు. పాత పన్ను జాబితాల్లో అతనికి వేరే ఇంటిపేరు లేదు.

కోరుట్లలో ఉండే మా తమ్ముడి మనవరాలు షారోను నన్నూ నానమ్మ అనే పిలుస్తుంది. నాకు పెళ్లి కాలేదు. తమ్ముడికి ఒక్క కొడుకు, ఆ కొడుక్కి ఈ ఒక్క బిడ్డ. ఇంటిపేరు తీసేయించుకుంటానని ఒకరోజు ఫారం పట్టుకొచ్చింది. ఆమె మార్చుకుంటే ఆ పేరు మా ఇంట అయిపోయినట్టే.

"కాలేజీల ఫుల్లరా, క్వార్టరా అని నవ్వుతున్నరు నానమ్మా. ఎవలో తెల్వని దొర పేరు మనకెందుకు? నువ్వు సాక్షి సంతకం పెట్టు."

"దొర పేరు గాదే, బట్ట తొక్కెటోని పేరు."

"అయితే మనం తొక్కినమా?"

నోటుబుక్కు తిరగేశాను. బాప్తిస్మం రిజిస్టరులో మా తాత పేరు పక్కన 'కూలి' అని మాత్రమే ఉంది.

జగిత్యాలలో నాతో పనిచేసిన లక్ష్మి సిరిసిల్లలో ఉంటుంది. వాళ్లది నేతవాళ్ల ఇల్లు. చేమగ్గాల కాలంలో నూలు చిలపలను, అంటే పోగుల కట్టలను, నానబెట్టి తొక్కడానికి తమ ఇంటికి కూలి ఆడవాళ్లు వచ్చేవారని, ఆ రాతి తొట్టి ఇంకా ఉందని ఫోనులో చెప్పింది. ఆ తొక్కే పని ఎలాంటిదో చూసొచ్చాక సంతకం పెడతానని షారోనును వెంట తీసుకుపోయాను.

తొట్టి సాంచాల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు, వెనక ఉంది. ఆరడుగుల పొడవు. అందులో నీళ్లు పోసి ముప్పై ఏళ్లయిందని లక్ష్మి చెప్పింది. పైన కప్పిన రేకు ముగ్గురం కలిసి తీశాం. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు.

అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో చప్పుడు వినపడింది, నీళ్లలో నానిన నూలును ఎవరో తొక్కుతున్నట్టు. నేను లెక్కపెట్టాను. ఇరవై రెండు సార్లు.

లోపలి గదిలోంచి లక్ష్మి అత్తగారు గట్టిగా అరిచింది. ఆమెకు తొంభై దాటాయి, మంచం దిగదు.

"ఎవలే, సారమ్మనా తొక్కుతున్నది? మడమ ఆనియ్యకే! పోగు తెగుతది."

లక్ష్మి మొహం పాలిపోయింది. "అత్తమ్మకు చెవులు వినపడక పదేండ్లాయె టీచరమ్మా," అంది.

సారమ్మ మా నానమ్మ. నేను పుట్టకముందే పోయింది. ఆమె పేరు నేను లక్ష్మికి ఎన్నడూ చెప్పలేదు. నూలు తొక్కిందని మా నాన్న నాకూ చెప్పలేదు.

తొట్టిలోకి చూశాం. దుమ్ములో రెండు తడి అడుగులు. వేళ్లు, ముందరి పాదం మాత్రమే పడ్డాయి. మడమ గుర్తు లేదు. సంచిలో ఉన్న స్కేలు తీసి కొలిచాను. ఒక్కోటి నాలుగుంపావు అంగుళాలు. పదకొండు నిమిషాల్లో ఆరిపోయాయి.

అత్తగారి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. ఆమె మళ్లీ నిద్రలోకి జారుకుంది.

చిన్నప్పుడు కోడలుగా వచ్చిన ఆమె సారమ్మను చూసే ఉంటుంది. అంతవరకు సరే. జాబితాలోంచి వరుసగా ఇచ్చిన పేరు సరిగ్గా మా పనే ఎలా అయింది? కాకతాళీయం అని రాసుకున్నాను. తడికి కారణం రాయడానికి పక్కన ఒక గడి వదిలాను. ఎవరైనా నీళ్లు చల్లారా? రేకు తీసింది మేమే. నేల ఊటా? పక్క రాళ్లు పొడిగా ఉన్నాయి. చెవుడున్న మనిషికి చప్పుడు ఎలా వినపడింది? ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

తిరుగు బస్సులో, మాట ఇచ్చాను కాబట్టి, పెన్ను తీసి ఫారం ఇమ్మన్నాను. షారోను ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చింపి, ముక్కలు తన సంచిలోనే వేసుకుంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఆ చప్పుడు తనకూ వినపడిందని చెబుతుంది. అప్పుడు అది నా చెవి భ్రమేనని చెప్పుకోవడానికి నాకు ఏ సాకూ మిగలదు.