పెద్దమ్మ చెప్పాల్సిన ఒక్క మాట

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య ఒకరోజు ఆ మెసేజీ కనిపించింది. కష్టంలో ఉన్న కుర్రకారుతో ఆన్‌లైన్‌లో మాట్లాడి ధైర్యం చెప్పే ఒక స్వచ్ఛంద సంస్థకు వాలంటీర్లు కావాలట. వారానికి కొన్ని గంటలు చాలు, ఇంటి నుంచే చేయొచ్చు, జీతం లేదు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. ఈ వయసులో సర్టిఫికెట్ ఏం చేసుకోను, బీరువాకి అతికించుకోనా అనుకున్నాను. కానీ మావారు స్టీల్ ప్లాంటుకి వెళ్లిపోయాక నాకు మధ్యాహ్నాలు గడవవు. టీవీ పెడితే ఒళ్లు మండుతుంది. సరే, చూద్దామని పేరిచ్చాను.

నేనిచ్చానని ఎదురింటి అక్క కూడా ఇచ్చింది. సబ్బవరం దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఎన్ని వందల మంది పిల్లలకు ముక్కు తుడిచి అన్నం పెట్టిందో ఆవిడకే తెలియదు. నేనేమో గోదావరి జిల్లా నుంచి కోడలిగా ఈ ఊరొచ్చినదాన్ని, ఆవిడ మాట ఈ నేల మాట. ఆవిడకు లాప్‌టాప్ లేదు, ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు. అందుకని ఇద్దరూ కలిసి ఒకే షిఫ్టు చేసుకోమన్నారు సంస్థవాళ్లు. భోజనాలయ్యాక ఆవిడ వచ్చేది. నేను ప్లాంటు వైపు నుంచి వచ్చి టేబుల్ మీద పేరుకున్న నల్లదుమ్ము తుడిచి లాప్‌టాప్ తెరిచేదాన్ని. అవతలి పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగుని నేను పైకి చదివేదాన్ని. ఇద్దరం అనుకున్న జవాబు నేనే టైపు చేసేదాన్ని.

హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వీడియోలో శిక్షణ ఇచ్చింది. పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, మనది చెప్పకూడదు, సలహా అసలే ఇవ్వకూడదు. "మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది" అనాలి. "అది మీకు చాలా కష్టంగా ఉండి ఉంటుంది" అనాలి. సలహా ఇవ్వకుండా బతికిన ఆడవాళ్లు మా రెండు జిల్లాల్లో ఎక్కడైనా ఉన్నారా? అయినా నోరు కట్టేసుకున్నాం.

చలికాలం మొదట్లో ఒక ఆడపిల్ల వచ్చింది. ఇంజినీరింగు మొదటి సంవత్సరం. తండ్రి పోర్టులో కంటెయినర్ లారీ నడుపుతాడు. పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్న పిల్ల, క్లాసులో లేచి ఇంగ్లీషులో జవాబు చెప్పబోతే అందరూ నవ్వారట. మర్నాటి నుంచి వెళ్లడం మానేసింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. రోజూ క్యారేజీ కట్టించుకుని బయల్దేరి, ఆనందపురంలో బస్సు మారి, రుషికొండ బస్టాపులో సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి పోయేది. కాలేజీలో తండ్రి నంబరని చెప్పి తన నంబరే ఇచ్చింది కాబట్టి హాజరు మెసేజీలన్నీ తనకే వచ్చేవి.

"మా నాన్న ఊరంతా సెప్పుకుంటన్నాడండి, మా పాప ఇంజినీరని. నాకు ఏటి సెయ్యాలో తెలీట్లేదు. ఇంటికి ఎల్లాలంటేనే బయమేత్తంది" అని రాసింది.

"మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది" అని నేను టైపు చేశాను.

"మీరు మనిషేనా, కంప్యూటరా?" అని అడిగింది.

అక్కకి చిర్రెత్తుకొచ్చింది. "ఆ ముక్కలు పక్కనెట్టు. ముందు తిన్నాదో లేదో అడుగు" అంది. "తిన్నావేటమ్మా?" అని కొట్టాను. జవాబు వచ్చింది: "తిన్నానండి. వంకాయ కూర. మా అమ్మ పొద్దున్నే లేచి వొండింది. ఇక్కడ కూకుని తింటంటే ఏడుపొచ్చేత్తంది." అది పైకి చదివాను. అక్క కొంగుతో కళ్లొత్తుకుని, తనని పెద్దమ్మ అనుకోమని రాయించింది.

అప్పట్నుంచి మా షిఫ్టు చూసుకుని మరీ వచ్చేది. నాన్నకు నిజం చెప్పేయాలని తనకీ ఉంది. ఆదివారం చెప్తాననేది. ఆదివారం వస్తే నాన్న లారీ దిగి అలిసిపోయి పడుకున్నాడనేది, లేకపోతే చాలా సంతోషంగా ఉన్నాడు, ఎలా చెప్పనూ అనేది. దాన్ని తప్పు పట్టలేం. ఇక్కడి ఇళ్లలో తండ్రి ఎదుట నిలబడి ఇలాంటివి చెప్పడం అలవాటు లేదు. పెద్ద విషయమైతే ముందు ఎవరో ఒక పెద్దమనిషి వెళ్తారు. కూర్చుని, మంచినీళ్లు తాగి, పొలాల సంగతీ పెళ్లిళ్ల సంగతీ మాట్లాడి, లేవబోయే ముందు అసలు మాట వేస్తారు. కోపం ముందు ఆ వచ్చిన మనిషి మీద పడుతుంది. పిల్లల దాకా వచ్చేసరికి సగం చల్లారుతుంది. ఈ పిల్లకు అలా వెళ్లేవాళ్లు లేరు. తాత పోయాడు, మేనమామలతో మాటల్లేవు.

"నాను ఎల్తాను. ఎవరి తాలూకో అడుగు" అంది అక్క.

"వద్దక్కా, రూలు ఒప్పుకోదు."

"రూలు ఆ పిల్ల ఇంటికెల్లి మాటాడుద్దేటి?"

నాకూ ఆవిడ మాటే సబబనిపించింది. "నువ్వు ఎవరి తాలూకమ్మా? ఊరు సెప్పు. నాను వొచ్చి మీ నాన్నతో ఓ మాట సెప్తాను" అని ఆవిడ అన్నది అన్నట్టు టైపు చేశాను. ఎవరి తాలూకు అంటే ఎవరింటి పిల్లవని. ఆ ప్రశ్న ఇక్కడ బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా అడుగుతారు, అభిమానంతోనే అడుగుతారు. కానీ దానికి జవాబిస్తే సాయంత్రానికి సంగతి ఇంటికి చేరిపోతుందని ఈ ఊళ్లలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు.

"మీరు మా వైపోల్లా?" అంది.

"అవునమ్మా" అన్నాం. అంతే, వెళ్లిపోయింది.

మా మాటలన్నీ సంస్థవాళ్లు చదువుతారు. హైదరాబాదు అమ్మాయి ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడింది. అక్క దాచలేదు. "తప్పయితే తప్పేనమ్మా. కానీ మల్లీ అలాటి పిల్లొత్తే మల్లీ అడుగుతాను" అంది. ఆవిడని తీసేశారు. నేను గట్టిగానే పోట్లాడాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ వరస అన్నాను. నిజానికి ఆ రూలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఆడపిల్లల్ని ఊరి పేరు అడిగేవాళ్లందరూ మా అక్కలాంటివాళ్లు కాదు. తెలిసినా కోపం తగ్గలేదు. నేనూ మానేద్దును గానీ, ఆ పిల్ల మళ్లీ వస్తే ఎవరుంటారని ఆగిపోయాను.

ఈ గొడవ తర్వాత సంస్థవాళ్లు కొత్త ఏర్పాటు చేశారు. ఎవరైనా మనిషి పేరుగానీ ఊరి పేరుగానీ రాస్తే వాలంటీరుకి కనిపించకుండా దాని బదులు చుక్కలు పడతాయి. రాసినవాళ్ల తెర మీద మాత్రం పేరు పేరుగానే ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిస్తే ఆ పిల్ల పొద్దున వచ్చి వెళ్లినట్టు ఉంది. అప్పుడు షిఫ్టులో ఉన్నది ఎవరో కొత్త వాలంటీరు.

"పెద్దమ్మ ఉందాండి? రేపు కాలేజీలో పేరెంట్స్ మీటింగంట. పక్కూరోల్లు మీటింగు సంగతి నాన్నకి సెప్పేసారు. కొత్త సొక్కా కుట్టించుకున్నాడు. మా ఊరు సెప్తాను, పెద్దమ్మని రమ్మనండి." ఆ తర్వాత చుక్కలు. "మా నాన్న పేరు" అని మళ్లీ చుక్కలు. "పొద్దున్న నాన్న బయల్దేరేలోపు రమ్మనండి. నాను గుమ్మంలో కూకుంటాను."

ఆ వాలంటీరు శిక్షణలో నేర్పిన వాక్యమే పంపింది: "మీ సందేశం మా బృందానికి అందింది."

"అమ్మయ్య. థాంక్సండి" అని రాసి వెళ్లిపోయింది.

వెంటనే హైదరాబాదు ఫోన్ చేశాను. పేర్లు ఎక్కడా నిల్వ ఉంచరట, తీయడానికి వాళ్ల దగ్గర కూడా లేవట. ఆ పిల్ల తనంతట తను మళ్లీ చాట్ తెరిస్తే తప్ప మనం పలకరించే వీల్లేదట. చెప్తూ చెప్తూ ఆ అమ్మాయే నాకు సారీ చెప్పింది. దాన్ని ఏమని తిట్టను? సాయంత్రం దాకా తెర ముందు నుంచి లేవలేదు. ఆ పిల్ల రాలేదు.

చీకటి పడే ముందు అక్కని పిలిచి అంతా చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తెర మీదకి వంగింది.

"ఎన్ని సుక్కలున్నాయి? ఆనందపురం అవతల ఊర్లన్నీ నాకు తెలుసు. అచ్చరాల లెక్క బట్టి పోల్చేత్తాను."

"పేరు చిన్నదైనా పెద్దదైనా అన్నే చుక్కలక్కా. ఊరికీ అన్నే, వాళ్ల నాన్న పేరుకీ అన్నే."

అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూడకుండానే అంది:

"అయితే రేపు గుమ్మంలో కూకుని నా కోసం సూత్తాది."